చిక్కుడుకాయల కచేరీ

పాటంటే నాకు ప్రాణం. ఈ ముక్క ముప్పై ఏళ్ళుగా కనబడ్డ వాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. మొదటిసారి చెప్పింది పెళ్ళిచూపుల్లో. మా నాన్నగారు దాని మీద ఇంకొంచెం నెయ్యి వేసి, "మా అమ్మాయి సంగీతం నేర్చుకుంది" అన్నారు. అది అబద్ధం కాదు. బెజవాడ సత్యనారాయణపురంలో మూడేళ్ళు, వారానికి రెండు రోజులు, నోటుబుక్కు చంకన పెట్టుకుని వెళ్ళేదాన్ని. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, మలహరిలో గీతాలు అయ్యి, మోహన వర్ణం సగంలో ఉండగా పదో తరగతి పరీక్షలొచ్చి నన్నూ మా టీచరుగారినీ కూడా రక్షించాయి.

పెళ్ళిచూపుల కోసమని విడిగా ఒక కీర్తన బట్టీ పట్టించారు. పల్లవీ, అనుపల్లవీ మాత్రమే. "చరణం ఎందుకే, అంతదాకా ఎవరూ ఉంచరు" అంది మా అమ్మ. ఆవిడ అనుభవం ఆవిడది. అన్నట్టుగానే అనుపల్లవిలో పైషడ్జం అందుకోబోతుంటే కాబోయే అత్తగారు "చాల్లేమ్మా, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు. అది మొదలు మా ఇంట్లో ఏ పాటా చరణం దాకా రాలేదు.

నేను పాటలు వినే పద్ధతి చెబుతాను, ఎవరికీ చెప్పకండి. ఫోను పోపులడబ్బాకి ఆనించి పెడతాను. పాట మొదలవుతుంది. నేను మిక్సీ వేస్తాను. మిక్సీ ఆపేసరికి పాట పోయి, తలనూనె ప్రకటన వస్తూ ఉంటుంది. నెలనెలా డబ్బు కడితే ప్రకటనలు రావని మావాడు చెప్పాడుగానీ, ఊరికే వచ్చే పాటకి డబ్బు కట్టడమేమిటని నేను కట్టలేదు. ప్రకటన అయ్యాక ఇంకో పాట వస్తుంది. పల్లవి నచ్చిందా, కుక్కరు కూత వేస్తుంది. నచ్చలేదా, పోపు గిన్నె దించిన చేత్తోనే తర్వాతి పాటకి దాటిస్తాను. మా ఫోను తెర మీద ఆ బొత్తం ఉండే చోట ఒక పసుపు మరక ఉంది. ఎంత తుడిచినా పోదు. ఏళ్ళ తరబడి నేను మెడబట్టి గెంటేసిన పాటలన్నిటికీ అదే గుర్తు.

చిన్నప్పుడు ఇలా ఉండేదాన్ని కాదు. శ్రీరామనవమి పందిట్లో కచేరీ అంటే సాయంత్రం నాలుగింటికే వెళ్ళి చాప పరిచి జాగా పట్టేదాన్ని. సగం కచేరీ అమ్మ ఒళ్ళో నిద్రపోతూ వినేదాన్ని. తని ఆవర్తనం మొదలైతే మృదంగం దెబ్బలు నేల గుండా వచ్చి వీపుకి తగిలేవి. పొద్దున్నే రేడియోలో భక్తిరంజని. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణగారు అందులో ఉద్యోగం చేశారు. ఆయన గొంతు మా ఇంటికి పాలవాడికంటే ముందొచ్చేది. ఆయన ఒకరి కీర్తనలు పాడటమే కాదు, 72 మేళకర్త రాగాల్లోనూ సొంతంగా కృతులు కట్టారని పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. అప్పట్లో తెలిసిందల్లా, ఆ గొంతు వినబడగానే పళ్ళు తోముకోవాలని.

తర్వాత పెళ్ళి, హైదరాబాదు, పిల్లాడు, వాడి ట్యూషన్లు, టీవీ. ఆ భాగం అందరిదీ ఒకటే.

పోయిన మాఘమాసంలో ఒక శనివారం బెంగుళూరు నుంచి మావాడు ఫోను చేశాడు. ఆ వారం వస్తానన్నవాడు, ఆఫీసులో ఏదో విడుదల ఉందట, రావడం లేదట. "అమ్మా, నాకూ ఫ్రెండుకీ అక్కడ ఒక షోకి టికెట్లు కొన్నాను. నువ్వూ నాన్నా వెళ్ళండి. సింగర్-సాంగ్‌రైటర్. తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టి, తనే పాడతాడు" అన్నాడు.

"క్యాన్సిల్ చెయ్యరా."

"డబ్బులు వెనక్కి ఇవ్వరు. 1200."

నాలో సంగీతాభిమానం ఉవ్వెత్తున లేచింది.

మా వారిని కదల్చడం ఇంకో ఎత్తు. ఆయన లెక్క ప్రకారం తెలుగుపాట 1974 ఫిబ్రవరి 11న, ఘంటసాలగారు పోయిన రోజున ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిందంతా చప్పుడు. "పార్కింగ్ ఉందా? కుర్చీలకి వీపు ఉందా? ఎన్నింటికి వదుల్తారు?" అని మూడు ప్రశ్నలు వేసి, దేనికీ జవాబు దొరక్కపోయినా 1200 కోసం చొక్కా తొడిగారు. దారిలో రైతుబజారు తగిలింది. లేత చిక్కుడుకాయలు, గింజ ఇంకా ముదరలేదు. కిలో తీసుకున్నాను. కచేరీకి వెళ్తూ చిక్కుడుకాయలేమిటని ఆయన అడగలేదు, నాకూ తోచలేదు. మా ఇద్దరికీ అది బజారుకెళ్ళడంలో ఒక భాగమే.

అదొక పాత ఇంటి పెరడు. వేపచెట్టు కింద చిన్న అరుగు, దాని మీద రెండు మైకులు. జనం మహా అయితే డెబ్భైమంది. అందరూ మావాడి ఈడు వాళ్ళు, నేల మీద పరుపులేసుకుని కూర్చున్నారు. గేటు దగ్గరి కుర్రాడు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఆర్టిస్ట్ పేరెంట్సా అంకుల్?" అని అడిగాడు. కాదని చెప్పబోయాను. ఈలోగా మా వారికి అరుగు ముందే రెండు వీపున్న కుర్చీలూ, పక్కన నిలబెట్టిన ఫ్యానూ కనబడ్డాయి. ఆయన తల, అటూ కాకుండా ఇటూ కాకుండా, బ్యాంకులో లోను అడిగినవాళ్ళకి ఊపినట్టు ఊపారు. ముందు వరసలో కూర్చున్నాం.

పాడే అబ్బాయికి ముప్పై ఉంటాయి. గిటారు. పక్కన డప్పుతో ఇంకో అబ్బాయి. గిటారబ్బాయి వచ్చి కూర్చుని తీగెలు మీటాడు, చెవి ఒగ్గి విన్నాడు, మళ్ళీ మీటాడు. నాకు సత్యనారాయణపురం గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని "శభాష్" అన్నాను. గట్టిగానే అన్నాను. "శ్రుతి చేసుకుంటున్నా అమ్మా" అన్నాడతను. వెనకాల కిసుక్కున నవ్వులు. 1971లో న్యూయార్కులో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్ సితారు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. నన్నడిగితే అమెరికావాళ్ళు చేస్తే చరిత్ర, నేను చేస్తే నవ్వులాట.

పాటలు మొదలయ్యాయి. ఇంటర్ హాస్టల్ మీద ఒకటి, ఊరికి రావడం మానేసిన బస్సు మీద ఒకటి. బాగానే ఉన్నాయి. కానీ నాకు చేతులతో చిక్కు వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నా చేతులు పాటతో పాటు ఏదో ఒక పని చేస్తూనే ఉన్నాయి. ఇప్పుడు పాట ఉంది, పని లేదు. కాసేపు కొంగు మడతపెట్టాను, విప్పాను. గాజులు లెక్కపెట్టాను. మూడో పాటకి నా ప్రమేయం లేకుండానే చెయ్యి సంచీలోకి పోయింది. కొన తుంచడం, పీచు లాగడం, పుచ్చు ఉందేమో చూసి మూడు ముక్కలు చెయ్యడం. ఒళ్ళో చేతిరుమాలు పరిచి ముక్కలు అందులో, పీచు సంచీలో. నాకు తెలిసి చప్పుడు రాలేదు. మా వారు మాత్రం కుర్చీ ఆరంగుళాలు అవతలికి జరిపారు.

ఆ మూడో పాట వాళ్ళమ్మ మీద. నిజామాబాదు వైపు పల్లె. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపుండ. ఆకు పెట్టడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. పొద్దుగూకేదాకా తలెత్తదు. ఈ వివరాలన్నీ పాటలో ఉన్నాయి. గేటు దగ్గరి కుర్రాడు మేమెవరమో అప్పటికే నలుగురికీ చెప్పినట్టున్నాడు. వెనక వాళ్ళకి నా వీపూ, వంచిన తలా, ఆడుతున్న చేతులూ కనబడుతున్నాయి. ఎవరో ముక్కు ఎగబీల్చారు. వెనక కూర్చున్న అమ్మాయి లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "యూ ఆర్ గ్రేట్ ఆంటీ" అంది. చిక్కుడుకాయలు తరిగితేనే ఇంత గౌరవమా అని నేను మురిసిపోతున్నాను.

రెండో చరణంలో తండ్రి వచ్చాడు. దుబాయి వెళ్ళాడు. డబ్బు పంపలేదు, ఉత్తరం రాయలేదు, తిరిగి రాలేదు. డెబ్భైమందీ ఒకేసారి మా వారి వంక చూశారు. జన్మలో తిరుపతి దాటి వెళ్ళని మనిషి. పెన్షను డబ్బు పాసుబుక్కుతో సహా తెచ్చి నా చేతిలో పెట్టే మనిషి. ఆ చూపుల వేడికి ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కారు.

అప్పుడు పాడే అబ్బాయి ఆగాడు. డప్పు కూడా ఆగింది. మైకు దగ్గరికి వంగి, "అమ్మా, ఏం జేస్తున్నవ్?" అన్నాడు.

నా చేతిలో సగం తుంచిన కాయ ఉంది. "చిక్కుడుకాయ నాయనా" అన్నాను.

"ఏం కూర?"

"అల్లం, పచ్చిమిర్చి."

"మస్తుంటది" అన్నాడు. పెరడంతా గొల్లుమంది. భుజం మీద చెయ్యి వేసిన అమ్మాయి మాత్రం నవ్వలేదు, గేటు కుర్రాడి కోసం చూస్తోంది. నేను భూమిలోకి పోదామనుకున్నాను. అతను నవ్వు తగ్గేదాకా ఆగి, "మా అమ్మ చేతులు గూడ గిట్లనే, ఉత్తగ ఉండయి" అని, అదే పల్లవి మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి చాటలో తునికాకు పక్కన చిక్కుడుకాయ వచ్చి కూర్చుంది. అప్పటికప్పుడు. ఎక్కడా తాళం తప్పలేదు, మాట అతికించినట్టు లేదు. ఇంటి దగ్గర పోపులడబ్బాకి ఆనుకున్న ఏ పాటా ఇన్నేళ్ళలో నేనేం కూర వండుతున్నానో అడగలేదు.

నా చేతులు ఆగిపోయాయి. మూడో చరణం విన్నాను, నాలుగు, అయిదు కూడా. దాటించడానికి బొత్తం లేదు. ఉన్నా నా వేలు లేచేది కాదు. కళ్ళు తుడుచుకుంటూ, ఉల్లిపాయ ఘాటని మా వారితో చెప్పాను. "సంచీలో ఉల్లిపాయలు లేవు" అన్నారాయన.

ఇక్కడితో ఆగి ఉంటే మా ఇంట్లో శాంతి ఉండేది.

ఆ రాత్రే మావాడికి ఫోను చేసి, "సింగర్-సాంగ్‌రైటర్ అంటే కొత్తేమిట్రా, మనవాళ్ళు వాగ్గేయకారుడన్నారు" అని అందుకున్నాను. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు కట్టాడని వినికిడి. వాటిలో మనకి దక్కినవి తిరుమల గుడిలో ఒక అరలో రాగిరేకుల మీద దొరికాయి. త్యాగరాజస్వామి ఉంఛవృత్తికి వెళ్ళి, వీధుల్లో పాడుకుంటూ బియ్యం తెచ్చుకున్నాడు. టికెట్టు పిడికెడు బియ్యం. రామదాసు జైల్లో కూడా పాట కట్టడం మానలేదు. అంతెందుకు, మన కాలంలో గోరటి వెంకన్నకి 2021లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పశువులు కాసుకున్న అందెశ్రీ కట్టిన పాట తెలంగాణ రాష్ట్రగీతమైంది. నలభై నిమిషాలు చెప్పాను. అవతలి నుంచి ఊ కొట్టడం లేదు. ఫోను మ్యూట్‌లో పెట్టి, పని చేసుకుంటున్నాడట. తల్లి పోలిక.

అప్పటినుంచి సాయంత్రం ఎక్కడ మైకు కనబడితే అక్కడ నేను. రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, కాలనీ రామాలయం. టికెట్టు లేనివి ముందు, ఉన్నవి తర్వాత. వంట పొద్దున్నే రెండు పూటలకీ చేసేస్తాను. మా వారు ఫ్రిజ్ తలుపు తీసి, డబ్బాల మూతలెత్తి చూసి, "ఇవాళ ఎవరు?" అంటారు. కూర సంగతి కాదు, పాడేది ఎవరని.

గానసభలో తాళం వెయ్యాలనే దుర్బుద్ధి పుట్టింది. చిన్నప్పుడు నేర్చుకున్నదేగా. ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నాకు వచ్చిన ఆదితాళం చక్కగా వేసుకుంటూ పోయాను. ఏదో తేడా కొడుతోంది. ఒకోసారి నా దెబ్బా మృదంగం దెబ్బా కలిసి ఒళ్ళు పులకరిస్తుంది, వెంటనే విడిపోతాయి. మృదంగం ఆయన కుర్రతనం వల్ల తడబడుతున్నాడేమో పాపం అనుకున్నాను. పక్క సీటులో పెద్దాయన చాలాసేపు ఓర్చుకుని, నా వైపు వంగి, "అమ్మా, ఇది ఖండచాపు" అన్నారు. ఖండచాపు అంటే అయిదు. నేను వేసేది ఎనిమిది. అంటే నలభై అక్షరాలకి ఒక్కసారి మేమిద్దరం ఎదురుపడుతున్నామన్నమాట. నా కాపురంలోనూ కలయికల లెక్క రమారమి అంతేగానీ, ఆ పెద్దాయనతో ఆ మాట అనలేదు. చేతులు కొంగు కింద పెట్టుకున్నాను.

తాళం కుదరనివాళ్ళు ఏం చెయ్యాలి? పాట రాయాలి. అందరూ చేసేది అదే. గానసభ పక్కనే నగర కేంద్ర గ్రంథాలయం ఉందిగదా, అసలు వాగ్గేయకారుడికి అర్హతలేమిటో చూద్దామని వెళ్ళాను. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవరాజు కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఇదంతా తేల్చేశాడు. మాట అంటే మాతువు, రాగాన కట్టినది ధాతువు. రెండూ కట్టగలిగినవాడు వాగ్గేయకారుడు. వాళ్ళలో ఉత్తములు, మధ్యములు, అధములు. అధముల్లో నాకు చోటు దొరక్కపోదని వేలు పెట్టి చదువుకుంటూ పోయాను. ఇంకొకరి ధాతువుకి తన మాటలు తగిలించేవాడికి అక్కడ విడిగా ఒక పేరుంది. కుట్టికారుడు. దాదాపు ఎనిమిదివందల ఏళ్ళ కిందట ఆయనకి నేను ఎలా తెలిశానో తెలియదు. ఆ పేరుకీ కుట్టుపనికీ సంబంధం లేదట గానీ నాకైతే సరిగ్గా సరిపోయింది. చీరలకి ఫాల్ కుట్టడం నాకు వచ్చిన ఒకే ఒక్క చేతివిద్య. ఒకరి చీర, నా దారం.

కాబట్టి నిర్భయంగా మలహరి గీతం బాణీ తీసుకున్నాను. రూపకతాళం. విషయం కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్ళుగా మంచం మీదే ఉంది. మా వారు స్నానం చేసి వచ్చి పరుపు మీద పడేసే తడి తువ్వాలు. "తడి తువ్వాలూ, పరుపు మీదా, తడి తువ్వాలూ" అని పల్లవి. గీతానికి పల్లవీ చరణాలూ ఉండవని మా టీచరుగారు ఉంటే అడ్డం పడేవారు. తువ్వాలు ఆరని కాలాల గురించి ఒక చరణం, ఆరేసుకోగలిగి కూడా ఆరేసుకోని మగజాతి గురించి ఒక చరణం. భోజనాల దగ్గర ఆయనకి పాడి వినిపించాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ పల్లవి విన్నారు. చరణం ఎత్తుకోబోతుంటే, "ఆవకాయ ఇలా పెట్టు" అన్నారు. వాళ్ళమ్మ కొడుకు.

అభిమానులు మాత్రం దొరికారు. మా పనిమనిషి రెండో రోజుకే అంట్లు తోముతూ పల్లవి అందుకుంది. మూడో రోజుకి "పరుపు మీదా" తీసేసి "పక్క తడిసే" అని పెట్టింది. నా మాటకంటే ఆమె మాటే తాళంలో బాగా కూర్చుంది. ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

నిన్న పొద్దున చిక్కుడుకాయ కూర పొయ్యి మీద వేసి, అల్లం పచ్చిమిర్చి నూరుతున్నాను. స్నానాలగదిలోంచి పాట వినబడింది. ఘంటసాల కాదు. మలహరి. గరిట చేత్తో పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పల్లవి నాదే, పనిమనిషి దిద్దుబాటుతో సహా. తర్వాత వచ్చిన చరణం నాది కాదు. సభ ఉన్న రోజుల్లో మాడిపోయే కూర గురించి, ఫ్రిజ్‌లో డబ్బాల మీద పేరుకున్న మంచు గురించి, ఖండచాపుకి ఆదితాళం వేసే ఇల్లాలి గురించి. గానసభ సంగతి ఈయనకెవరు చెప్పారు? మెడబట్టి ఆపేద్దామనుకున్నాను. తప్పు దొరికితే అప్పుడే పట్టుకోవచ్చు కదా అని గరిటతో గుమ్మం మీద తాళం వేశాను. దెబ్బ, విసురు, దెబ్బ, మూడు వేళ్ళు. తప్పు దొరకలేదు. ఎత్తుగడ దగ్గర ఎక్కడా జారలేదు మనిషి.

వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. లోపల ఆయన చెంబు పక్కన పెట్టి రెండో చరణం అందుకున్నారు. నేను కదల్లేదు.